అద్దె లేని ఇల్లు

మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. బెంగళూరులోనే, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఇంజనీరింగు చదువుతోంది. వేసవి సెలవుల్లో ఏదో కంపెనీలో రెండు నెలల పని దొరికిందట, హాస్టల్ మూసేస్తారట, ఆ రెండు నెలల జీతంలో పైసా ముట్టుకోకుండా ల్యాప్‌టాప్ కొనుక్కోవాలని దీక్ష పట్టింది. "సగం అద్దెకే ఇల్లు దొరికింది చిన్నమ్మా, ఫుల్లీ ఫర్నిష్డ్. ఆరు నెలలకే ఇస్తారంట. లోపల దీపం పెట్టకూడదు, వంట చెయ్యకూడదు, అంతే కండిషన్. నాకెట్లాగూ రెండూ రావు కదా" అంది. ఆ మాట పూర్తి కాకముందే నేను వద్దన్నాను. ఎందుకని అడిగింది. దూరమన్నాను, ట్రాఫిక్ అన్నాను, మహదేవపురలో నా ఇల్లుండగా ఎక్కడో ఉండటమేమిటన్నాను. రోజూ రెండు బస్సులు మారాలని గొణుగుతూనే సామాను తెచ్చి మా ముందు గదిలో దిగింది. ఇప్పుడు నా ఫ్రిజ్ ఖాళీ చేస్తూ డబ్బు ఆదా చేసుకుంటోంది. దాని గొడవ అంతటితో తీరింది. నాకు మాత్రం ఆ రోజు నుంచి నగర్తపేటలోని ఒక ఇల్లు పదే పదే గుర్తుకొస్తోంది.

అప్పుడు నేను బీకాం రెండో సంవత్సరం పరీక్షలు రాశాను. మాది దొడ్డబళ్ళాపురం. ముందు గదిలో రెండు మగ్గాలు, వెనక గదిలో మేము. కరెంటు ఉన్నంతసేపూ మగ్గాలు ఆడుతూనే ఉంటాయి కాబట్టి మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. కొత్తవాళ్ళెవరైనా వస్తే ఈ ఇంట్లో పొద్దస్తమానం పోట్లాడుకుంటారనుకునేవారు. ఆ ఏడు చీరల బేరం పడిపోయింది. మా నాన్న సంకోచపడుతూనే అయినా తేల్చి చెప్పేశాడు. "చదివింది చాలు తల్లీ. కండెలు చుట్టేకి మనిషి లేదు. కావాలంటే నువ్వే సంపాదించి ఫీజు కట్టుకో, నేను అడ్డం రాను" అన్నాడు. ఆయన ఉద్దేశంలో అది కుదరని పని. నేను మాత్రం దాన్ని అనుమతి కిందే లెక్కవేసుకున్నాను. చిక్కపేటలో ఒక చీరల అంగడిలో వేసవి పెళ్ళిళ్ళ సీజనుకి మనుషుల్ని తీసుకుంటున్నారు. జూలై మొదటి వారంలోగా ఫీజు కట్టాలి. ఇంటి నుంచి వచ్చిపోతే బస్సు చార్జీల సంగతి అటుంచి, జీతం జీతమంతా నూలు కొనడానికే పోతుందని నాకు బాగా తెలుసు. మా నాన్న చెడ్డవాడు కాదు. కళ్ళెదుట డబ్బు కనిపిస్తే ఆ మనిషికి మగ్గం తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు. కాబట్టి నేను బెంగళూరులోనే ఉండాలి, ఉన్నందుకు ఖర్చు కాకూడదు. నేనుండే కాలేజీ హాస్టలేమో సెలవులకి మూసేశారు.

దారి చూపించినవాడు నగర్తపేటలో మా నాన్న నూలు తెచ్చుకునే షావుకారు. చిన్న షావుకారు అనాలి. పెద్ద షావుకారు, అంటే ఆయన తండ్రి, ఆ ఫాల్గుణంలోనే పోయాడు. పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. ధనిష్ఠా పంచకం. పురోహితుడు లెక్క చూసి, ఆరు నెలలు ఇల్లు వదిలిపెట్టాలన్నాడు. దేవుడి పటాలు తీసుకుని, కట్టుబట్టలతో బయటికి వచ్చి, ముందు తలుపుకి తాళం వేసి, గడప మీద ముళ్ళకంప అడ్డం పెట్టి, నాలుగు సందుల అవతల అద్దె ఇంట్లో చేరారు. లోపల మేడ మీద నూలు మూటలు ఉండిపోయాయి. చిన్న షావుకారు మూటలకి కట్టొచ్చిన దారం ముక్కల్ని కూడా ముడివేసి ఉండ చుట్టుకునే మనిషి. మూటలు ఎలుకల పాలో దొంగల పాలో అవుతాయని ఆయనకి నిద్ర పట్టడం లేదు.

"చూడమ్మా, శాస్త్రం ఏమంటాది? మా వంశంవాళ్ళు ఉండకూడదు అంటాది. నువ్వు మా గోత్రం కాదు, బంధువు కాదు. నీకేమీ తగలదు. వెనక సందులోంచి వచ్చి పో. దీపం పెట్టద్దు, పొయ్యి ముట్టించద్దు, ముందు కిటికీలు తెరవద్దు. ఇల్లు ఖాళీగా ఉన్నట్లే ఉండాల" అన్నాడు. దొంగలకి మనిషి ఉన్నట్టు తెలియాలి, ఇరుగుపొరుగుకి తెలియకూడదు. ఇదెలా సాధ్యమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అద్దె లేదన్న మాట తర్వాత నా చెవులు మూసుకుపోయాయి. చివరికి గొంతు తగ్గించి, "మా అమ్మకి మాత్రం తెలియకూడదు. తెలిసిందంటే నన్ను బతకనియ్యదు" అన్నాడు. మా నాన్నకి మాత్రం "మా ఇంట్లో ఉంటుందిలే అప్పా" అని ధైర్యం చెప్పాడు. షావుకారు కుటుంబంతో కలిసి ఉంటానని మా నాన్న అనుకున్నాడు. నేను ఆ పొరపాటు దిద్దలేదు.

అది పాతకాలపు ఇల్లు, సన్నగా పొడుగ్గా ఉండేది. వెనక తలుపు తీయగానే నీళ్ళ తొట్టి, కొళాయి. మా బెంగళూరులో నల్లి అంటాం. దాని పక్కన స్నానాల గది, తర్వాత వంటిల్లు, తర్వాత నడిమి హాలు, ఆ చివర వీధి తలుపు. హాల్లో దేవుడి పటాలు తీసేసినచోట గోడ మీద తెల్లటి చతురస్రాలు వరసగా ఉండేవి. పొద్దున లేవగానే దణ్ణం పెట్టుకునే అలవాటు కొద్దీ వాటికే చేతులు జోడించేదాన్ని. రెండు రోజులకి ఏదోలా అనిపించి మానుకున్నాను. నేను పడుకునేది వంటింట్లో. మధ్యాహ్నపు తిండి అంగడిలో పెట్టేవారు. పొద్దున టీ, బన్ను; రాత్రికి రెండు అరటిపళ్ళు. తడిబట్టలు లోపలే ఆరేసుకునేదాన్ని. చప్పుడు కాకుండా కొళాయి కింద గుడ్డ కట్టేదాన్ని. మగ్గాల హోరులో పెరిగిన నాకు ఆ నిశ్శబ్దం మొదటి వారం అమృతంలా ఉంది.

తర్వాత కొంచెం కొంచెంగా తేడా తెలిసింది. ఆ ఇల్లు ఖాళీ అని వీధి మొత్తం ఒప్పుకుంది కాబట్టి ఎవరూ అటు చూసేవారు కాదు. కిటికీ సందులోంచి చూస్తే, పూలమ్మే ఆమె సరిగ్గా మా గడప రాగానే అవతలి పక్కకి దాటి వెళ్ళేది. పిల్లలు అక్కడికి రాగానే మాటలు ఆపి పరిగెత్తేవారు. వెనక సందులో ఎవరైనా ఎదురైతే, నేను ఆ తలుపులోంచి వచ్చానని తెలిసో తెలియకో, చూపు నా మీదుగా దాటించి నా వెనక గోడని చూసేవారు. చివరికి అంగడిలో నా పక్కనే చీరలు మడతపెట్టే అమ్మాయి కూడా, "ఎప్పుడు వచ్చినావే? కనపడనేలేదు" అనడం మొదలుపెట్టింది. మొదటిసారి నవ్వాను. నాలుగోసారి నవ్వు రాలేదు.

ఖర్చు తగ్గించడం ఒకసారి రుచి మరిగితే ఎక్కడ ఆపాలో తెలియదు. నా సబ్బు అరిగిపోయింది. స్నానాల గది గూట్లో పెద్ద షావుకారు వాడిన గంధం సబ్బు సగం మిగిలి ఉంది. రెండు రోజులు దాన్ని చూస్తూ ఊరుకున్నాను, మూడో రోజు వాడేశాను. ఆయన పళ్ళపొడి, ఆయన కొబ్బరినూనె కూడా అలాగే నావయ్యాయి. గుమ్మం పక్కన ఆయన రబ్బరు చెప్పులు ఉండేవి. ఉన్న ఒక్క జత చెప్పులూ అంగడికి మిగలాలని ఇంట్లో ఆయనవి వేసుకునేదాన్ని. నా పాదాలకి చాలా పెద్దవి కావడంతో నడిస్తే టపటపమని కొట్టుకునేవి. కొన్నాళ్ళకి ఆ చప్పుడు నా చెవులకి వినిపించడం మానేసింది.

వైశాఖంలో ఒక ఆదివారం. అంగడికి సెలవు. పేటంతా మూసి ఉండటంతో వీధిలో ఒక్క బండి కూడా లేదు. నాలుగు గంటల వేళ స్నానం చేసి తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాను. వీధి తలుపు అవతలి నుంచి ఎవరో మెల్లగా, "ఇదో, లోపల ఉండారా మీరు?" అన్నారు.

అడుగు ఎత్తినదాన్ని ఎత్తినట్టే ఆగిపోయాను. ముసలి గొంతు. తలుపు పలక సందులోంచి తెల్లని చీర కొంగు కనిపించింది. పెద్ద షావుకారు భార్య, మా చిన్నప్పుడు నూలుకొచ్చినప్పుడల్లా నాకూ మా అక్కకూ బెల్లం ముక్క చేతిలో పెట్టే అవ్వ. ముళ్ళకంపకి ఇవతలికి రాకుండా వీధిలోనే నిలబడి మాట్లాడుతోంది. "ఎదురింటి దర్జీ పెండ్లాం చెప్పె. చెప్పుల సద్దు వస్తాదంట, నల్లి తిప్పినట్లు అవుతాదంట. నేను నమ్మలేదు. ఇప్పుడు సబ్బు వాసన వస్తాండాది" అంది. నా వొంటి మీద ఆ గంధం వాసన నాకే గుప్పున తగిలింది. కాళ్ళకి ఆయన చెప్పులు. ఈ ఇంట్లో దయ్యం ఉందని వీధి వీధంతా అనుకుంటోందనీ, ఆ దయ్యాన్ని నేనేననీ అప్పుడు తెలిసింది.

ఆమె కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆ పైన ప్రతి ఆదివారమూ వచ్చింది. చెప్పులు తీసి మూల పెట్టేశాను. సబ్బు ముట్టుకోవడం మానేశాను. అయినా ఆమెకి వాసన వస్తూనే ఉంది. "అద్దింట్లో గాలి ఆడదు. కోడలు సాంబారులో బెల్లం వేస్తాది. మీ కొడుకు కరెంటు బిల్లు చూసి ఫ్యాను ఆపేస్తాడు, అచ్చం మీ మాదిరే" అని చెప్పుకుపోయేది. యాభై ఏళ్ళ కాపురంలో ఆమె మాటకి అడ్డు రాకుండా ఆయన విన్నది ఆ వేసవిలోనే అయి ఉంటుంది. నేను హాల్లో నేల మీద ఊపిరి బిగబట్టి కూర్చుని వినేదాన్ని. చెబితే సిగ్గుచేటుగానీ, నాలుగు గంటల కోసం ఎదురుచూసేదాన్ని. వారం మొత్తంలో ఆ ఇంటివైపు తిరిగి ఎవరైనా మాట్లాడేది అప్పుడే కదా.

జ్యేష్ఠం వచ్చింది. నా హాస్టల్ తెరవడానికి మూడు వారాలుంది. ఆ ఆదివారం అవ్వ కబుర్లు చెప్పలేదు. "ఆ పొద్దు మీరు నీళ్ళు అడిగితిరి" అంది. "నేను పూజలో ఉంటి. రవంత ఆగండి, ప్రాణం పోతాదా ఏమి అంటి. పూజ ముగించి చెంబు తెచ్చేసరికి పోయిండారు." అవతల ఏడుపు వినిపించలేదు. ధాన్యం ధర చెప్పినట్టు మామూలుగా చెప్పింది. అందుకే ఇంకా భయం వేసింది. "దప్పికతో పోయినోళ్ళు నీళ్ళకాడే తిరుగుతారంట. అందుకే గదా మీరు నల్లికాడ తిరిగేది. మీరు తాగితిరని నాకు తెలిసేదాకా నేనూ పొద్దు గూకేవరకు నీళ్ళు ముట్టను. కోపం పోయింటే ఒక సద్దు చెయ్యండి."

నేను సద్దు చేయలేదు.

బుధవారంనాడు చిన్న షావుకారు వెనక తలుపు దగ్గరికి వచ్చి మూటలు సరిచూసుకుంటూ, "మా అమ్మకి ఏమయిందో తెలీదు. ఈ ఎండల్లో పగలంతా నీళ్ళు ముట్టదు. నిన్న కండ్లు తిరిగి పడె. ఇట్లే అయితే కిడ్నీలు పోతాయని డాక్టరు అంటాడు. ఎందుకు అంటే పలకదు" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. ఊళ్ళో ఆమె తర్వాత తెలిసినది నాకొక్కదానికే. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. చెబితే ఆ సాయంత్రమే నన్ను ఖాళీ చేయిస్తాడు. ఆ మూడు వారాలు ఎక్కడైనా డబ్బు కట్టి ఉండాలి, ఆ డబ్బు ఫీజులోంచే పోవాలి, ఫీజు తగ్గితే నేను కండెల దగ్గరికే పోవాలి. ఇంత ఆలోచనా ఆయన మూట ముడి వేసేలోపే అయిపోయింది. "ఎండ ఎక్కువగా ఉంది కదండీ" అన్నాను. నా జన్మలో నేనన్న మాటల్లో అంత నీచమైనది ఇంకొకటి లేదు.

నాలుగు రోజులు అంగడిలో చీరలు మడతపెడుతూ ఆలోచించి, చివరికి ఖర్చులేని ఉపాయం ఒకటి కనిపెట్టాను. నా ఉపాయాలన్నీ అప్పుడు అలాంటివే. ఆదివారం నాలుగింటికి అవ్వ గొంతు వినబడగానే ఆయన చెప్పులు కాళ్ళకి తొడుక్కుని టపటపా నడిచాను. కొళాయికి కట్టిన గుడ్డ విప్పేసి పూర్తిగా తిప్పాను. గూట్లో బోర్లించి ఉన్న ఆయన ఇత్తడి చెంబు నింపుకుని, హాల్లోకి వచ్చి, తలుపుకి దగ్గరగా నిలబడి, గటగటమని వినబడేలా తాగాను. చెంబు ఠక్కున నేలమీద పెట్టాను. సగం నీళ్ళు మెడ మీదికి కారాయి.

అవతల నుంచి, "తాగండి. నిదానంగా తాగండి. ఇంక ఎవురూ ఆగమనరు" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. ఆమె కోసం ఏడ్చానని చెప్పుకుంటే బాగుంటుంది. దొరికిపోలేదన్న ఊరట కూడా అందులో ఉంది. మర్నాటి నుంచి ఆమె నీళ్ళు తాగుతోందని చిన్న షావుకారు చెప్పాడు, డాక్టరు మందు పనిచేసిందన్నాడు. మిగిలిన రెండు ఆదివారాలూ అలాగే తాగాను. జూన్ ఆఖరున చెప్పులు కడిగి ఎక్కడివక్కడ పెట్టి, చెంబు బోర్లించి, తాళంచెవి ఆయనకిచ్చి హాస్టల్లో చేరాను. ఫీజు కట్టేశాను. కాలేజీ కిటికీలోంచి రసీదు చేతికి వచ్చినప్పుడు ఎగిరి గంతు వేయాలనుకున్నాను, వేయలేదు.

భాద్రపదంలో ఆరు నెలలూ పూర్తయ్యాయి. హోమం చేసి ఇల్లు తెరిచారని తెలిసి, దసరా ముందు నూలుకోసం వచ్చిన మా నాన్నతో కలిసి వెళ్ళాను. చిన్నప్పటి తర్వాత ముందు తలుపులోంచి ఆ ఇంట్లోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. పటాలన్నీ వాటి చతురస్రాల్లోకి వచ్చేశాయి. హాల్లో దీపం వెలుగుతోంది. అవ్వ కాస్త ఒళ్ళు చేసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మగవాళ్ళు నూలు మూటల దగ్గరికి వెళ్ళాక, మెల్లగా కథంతా చెప్పింది. ఎవరికీ చెప్పలేదనీ, ఎందుకో నాకు చెప్పబుద్ధయిందనీ అంది. నేను కొత్తగా వింటున్నట్టు విన్నాను.

"తలుపు తెరిచే ముందు ఆదివారం కూడా తాగినారు" అంది.

నేను వెళ్ళిపోయి అప్పటికి రెండున్నర నెలలు. చిన్న షావుకారు నా తర్వాత ఇంకెవరినో పెట్టి ఉంటాడనుకున్నాను, ఆ మనిషి పెట్టకుండా ఉంటాడా. ఏదో వంకతో మేడమెట్ల దాకా వెళ్ళి ఆయన్ని అడిగాను. "యాడ ఎవరమ్మా? కాలేజీలు తెరిచినాక ఎవరొస్తారు? నువ్వు పోయిన పొద్దే వెనక తాళం వేస్తిని. నీళ్ళ బిల్లు ఎందుకని నల్లి కూడా కట్టేయిస్తిని" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. గొంతు ఎండిపోయి ఉంది. గటగటా తాగేశాను. ఆమె తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, నేను తాగుతున్నంతసేపూ వింది. చెంబు కింద పెట్టాక కళ్ళు తెరిచింది.

"మొదట్లో ఆయన కూడా ఇట్లే తాగుతా ఉండె, ఆత్రంగా" అంది. "ఆషాఢం వచ్చినాక సరిగ్గా తాగినారు. ఎప్పుడూ తాగినట్లే. మూడు గుక్కలు, నిలిపి నిలిపి."

అని నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకొంచెం నీళ్ళు కావాలా అని అడిగింది. ఆమెకి ఏం తెలుసో, ఎంత తెలుసో నేను అడగలేదు. తర్వాత మూడేళ్ళు ఉంది. ఆ మూడేళ్ళలో ఎన్నోసార్లు వెళ్ళాను, ఆ ఊసు ఆమె మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ఒక్క ఏడాది చదువుతోనే నాకు ఉద్యోగం వచ్చింది, దాని వెంట మిగతావన్నీ వచ్చాయి. ఆషాఢంలో ఆ ఇంట్లో నీళ్ళు ఎవరు తాగారో నాకు తెలియదు. జ్యేష్ఠంలో తాగింది మాత్రం నేను. ఎండల్లో ఒక ముసలామె నోరు ఎండబెట్టుకుంటోందని తెలిసి కూడా నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే. ఇరవై వేసవులు దాటిపోయాయి, ఆ నాలుగు రోజులు మాత్రం ఇంకా పాతబడలేదు.